ఎవరు చెప్పారండీ?



పట్టిసీమ రేవులో వానాకాలం వచ్చిందని ముందు చెప్పేది నీటి రంగు. ఎగువన ఇంద్రావతి, ఆ తర్వాత శబరి కలిసొచ్చాక గోదారి ఎర్రబడుతుంది. వీరభద్రుడు, భావనారాయణుడు కొలువున్న దేవకూట పర్వతం చుట్టూ నీరెక్కుతుంది. వేసవిలో ఇసక మీద నడిచిన చోటంతా మునిగిపోతుంది. వరద పెరిగితే గుడికి వెళ్లే లాంచీలు, పడవలు ఆపేస్తారు. సరంగులు గట్టుమీద కూర్చుని నీటివైపు చూస్తూ ఉంటారు.

ఇప్పుడు వాళ్లు నీటివైపు చూస్తూనే చేతిలో ఫోను కూడా చూస్తున్నారు. ‘భద్రాచలం 43 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక.’ కాసేపటికి ‘ధవళేశ్వరం 10 లక్షల క్యూసెక్కులు, మొదటి హెచ్చరిక.’ ఆ తర్వాత 48 అడుగులు, 13 లక్షలు, రెండోది. 53 అడుగులు, 17 లక్షలు, మూడోది. పోలవరం, తాళ్లపూడి, కొవ్వూరు వైపు ఏ ఇంట్లో అడిగినా ఈ అంకెలు ఎక్కాల్లా అప్పజెబుతారు. బడికి వెళ్లని ముసలమ్మలు కూడా క్యూసెక్కుల్లో మాట్లాడుతున్నారు. ఇది చిన్న మార్పేమీ కాదు. ఎగువ వరద కిందికి రావడానికి పట్టే ఆ ఒక్క రోజులోనే గొడ్డూ గోదా గట్టెక్కాలి, ధాన్యం బస్తాలు మేడెక్కాలి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులు వచ్చినప్పుడు, ఆ అంకె అర నిమిషంలో అరచేతిలోకి వచ్చే ఏర్పాటే ఉంటే ఎంత మేలయ్యేదో ఆ వరద చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

అయితే అంకె వచ్చినంత మాత్రాన కబురు అందినట్టు కాదు. భద్రాచలం స్కేలు దగ్గర చూసిన నీటిలో శబరి లేదు. శబరి కూనవరం దగ్గర, భద్రాచలానికి దిగువన కలుస్తుంది. భద్రాచలంలో 45 అడుగులే ఉన్నా, శబరి కూడా పోటు మీదుంటే ఇక్కడ లెక్క మారిపోతుంది. గోదారి బాగా ఎక్కువైతే శబరి కిందికి దిగలేక వెనక్కి ఎగదన్నుతుంది, అప్పుడు మరో లెక్క. ఈ సంగతి తెలిసిన మనిషి గట్టుమీద ఒకడుంటాడు. ఫోనులోని అంకె విని, ఒకసారి నీటి సుడి చూసి, ‘పొద్దుటికి రేవు మెట్లు మునుగుతాయి, ఊళ్లోకి రాదు’ అంటాడు. అంకెను ఊరి భాషలోకి తెచ్చేది ఆ మనిషి. రేపు నీరు తప్పు దారి పట్టినా, ఆ మాట అన్నది ఫలానా ఆయనని అందరికీ తెలుసు. ఆయన మళ్లీ అదే రేవులో మనకు ఎదురుపడాలి. అందుకే ఆచితూచి చెబుతాడు.

ఇక రెండో రకం కబురు చూడండి.

‘వదినా, గట్టు తెగిపోయిందంట!’

‘ఎవరు చెప్పారే?’

‘గ్రూపులో వచ్చింది.’

‘గ్రూపులో ఎవరు పెట్టారు?’

‘ఎవరో పెట్టారు. వీడియో కూడా ఉంది, చూడు.’

వీడియో ఉంటుంది. నీరు ఉంటుంది, తెగిన గట్టు ఉంటుంది, జనం పరుగులు ఉంటాయి. అది ఏ నదో, ఏ రాష్ట్రమో, ఏ ఏడాదో ఉండదు. 2022 జులై 16న భద్రాచలంలో నీరు 71.3 అడుగులకు వచ్చినప్పుడు గోదారి గట్లవెంట జనం ఎన్ని రాత్రులు నిద్రలు మానుకున్నారో తెలిసినవాళ్లకు, అలాంటి వేళ ఒక తప్పుడు వీడియో చేసే పని ఏమిటో తెలుసు.

ఈ మధ్య చాలామంది, ఫోను వచ్చాక మనిషి బుర్ర పనిచేయడం మానేసిందంటున్నారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. బుర్ర అదే. పుకార్లు నమ్మడం కూడా పాతదే. మారింది మరొకటి. ఒకప్పుడు కబురు నలుగురిలో పడేది. రేవులో, లాంచీలో, అరుగు మీద, టీ కొట్టు దగ్గర ఒకడు చెబితే పదిమంది వినేవారు. ఆ పదిమందిలో ఒక్కడైనా అడ్డం తిరిగి ‘ఎవరు చెప్పారండీ?’ అని అడిగేవాడు. ఆ ప్రశ్నతో సగం పుకార్లు అక్కడికక్కడే చచ్చిపోయేవి. ఇప్పుడు అదే కబురు ఎవరి అరచేతిలో వాళ్లకు, ఒంటరిగా, మంచం మీద పడుకున్నప్పుడు చేరుతోంది. అడిగే మనిషి పక్కన లేడు. మనకు మనమే అడుక్కోవాలి, ఆ అలవాటేమో మనకు లేదు. ఎందుకంటే మన తరఫున అడగడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు.

రేడియో మాత్రం కనబడని గొంతు కాదా అని మీరు అడగొచ్చు. కనబడదు, నిజమే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైనప్పటి నుంచి ఈ జిల్లాల జనం విన్నది కనబడని గొంతులనే. కానీ ‘వార్తలు చదువుతున్నది’ అంటూ పేరు చెప్పి మొదలుపెట్టడం రేడియో పద్ధతి. పన్యాల రంగనాథరావు గారి గొంతు, జోలెపాళ్యం మంగమ్మ గారి గొంతు విన్న తరానికి ఆ పేర్లు చుట్టాల పేర్లంత దగ్గర. తప్పు చదివితే ఎవరు చదివారో రాష్ట్రమంతటికీ తెలుసు. పేరుకు అంత బరువుంది.

పేరు లేని మాట ఏం చేయగలదో 2018 వేసవిలో తెలుగు జిల్లాలు చూశాయి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని, పార్థీ గ్యాంగులు దిగాయని వాట్సాప్‌లో వచ్చిన కబుర్లకు ఊళ్లకు ఊళ్లు కర్రలు పట్టుకుని రాత్రులు కాపలా కాశాయి. బిచ్చగాళ్లను, మతి స్థిమితం లేనివాళ్లను, దారి తప్పినవాళ్లను కొట్టారు. కొందరు చనిపోయారు. కొట్టినవాళ్లు దుర్మార్గులేం కాదు. పిల్లల్ని కాపాడుకుంటున్నామనుకున్నవాళ్లు.

అప్పుడు జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి చేసిన పని చెప్పుకోవాలి. వాట్సాప్ పుకారుకు వాట్సాప్‌లోనే జవాబు పెట్టి ఊరుకోలేదు ఆవిడ. కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపారు. డప్పు కొట్టించారు, పాటలు పాడేవాళ్లను వెంట పంపారు. ఈ ఊరికి ఈ కానిస్టేబులు, ఏ అనుమానం వచ్చినా ఆయన్ని అడగండి అని పెట్టారు. అంటే ఒక్కో ఊరికీ ‘ఎవరు చెప్పారు’ అని అడిగే మనిషిని మళ్లీ తెచ్చిపెట్టారు. ఆ జిల్లాలో ఆ పుకార్లకు ప్రాణాలు పోలేదు. అదే ఏడాది జులైలో వాట్సాప్ వాళ్లు మన దేశంలో ఒక కబురును ఒకసారి అయిదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెట్టారు. కంపెనీ పెట్టిన కట్టడి మంచిదే. డప్పు ఇంకా మంచిది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోకపోతే నేను పాతరోజుల భజన చేసినట్టవుతుంది. మనిషి మాటకు ఉన్న బరువు అన్నిసార్లూ మంచికే వాడలేదు. కరణం గారి చేతిలో అడంగలు ఉన్నన్నాళ్లూ ఎవరి పొలం ఎవరిదో చెప్పే మాట ఆయనదే. ఆ మాటకు ఓనరు ఉన్నాడు, పేరు ఉంది, ఎదుటపడి అడిగే ధైర్యమే ఎవరికీ లేదు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాలు, మునసబుల వ్యవస్థను రద్దు చేసినప్పుడు మన జిల్లాల్లో పండగ చేసుకున్న చిన్నరైతులున్నారు. ఈరోజు మీభూమి వెబ్‌సైటులో తన సర్వే నంబరు కొట్టి తన అడంగలు తానే చూసుకుంటున్న రైతుకు మనిషి అవసరం లేకపోవడమే మేలు. 2025 జనవరి 30న మొదలైన ప్రభుత్వ సేవ ‘మన మిత్ర’ కూడా అలాంటిదే. 161 సేవలతో మొదలుపెట్టి వాట్సాప్‌లో ధ్రువపత్రాలు ఇస్తున్నారు. సంతకం కోసం రెండుసార్లు బస్సెక్కి మండలానికి తిరిగినవాడికి ఆ సౌకర్యం విలువ తెలుసు. యంత్రం లంచం అడగదు, కులం అడగదు. కాకపోతే ‘పెండింగ్’ అని చూపించినప్పుడు ఎందుకని అడిగితే జవాబు చెప్పే ముఖం మాత్రం దానికి లేదు. ఆ ముఖం సచివాలయంలో ఉండాలి, ఉండి తీరాలి.

అప్పు సంగతికి వద్దాం. ఊళ్లో వడ్డీ వ్యాపారి కటువైనవాడే. ప్రోనోటు రాయించుకుంటాడు, సాక్షి సంతకాలు పెట్టిస్తాడు, బాకీ తప్పితే గుమ్మంలో నిలబడి అరుస్తాడు. అయినా ఆయన అరుపు వీధి దాటదు. పెద్దమనుషులు మధ్యలో దూరి ‘పంట చేతికి రానీ’ అని గడువు ఇప్పిస్తారు. ఆ తర్వాత లోన్ యాప్ వచ్చింది. ప్రోనోటు లేదు, సాక్షి లేడు. అప్పు ఇచ్చేముందు ఫోనులోని పేర్ల జాబితా చూడ్డానికి ఒప్పుకోమంటుంది, ఫొటోలు చూడ్డానికి ఒప్పుకోమంటుంది. మనం నొక్కేస్తాం. అక్కడ తాకట్టు పెట్టింది బంగారం కాదు. అత్త, మేనమామ, బావమరిది, ఆఫీసులో పైవాడు, పిల్లాడి టీచరు, ఇంతమందితో మనకున్న పరువు తాకట్టు పెట్టాం. వాయిదా తప్పితే మార్ఫింగ్ చేసిన బొమ్మలు ఆ జాబితా మొత్తానికీ వెళతాయి. పంపినవాడు ఎవడో తెలియదు, ఏ ఊరో తెలియదు, బతిమాలుకోవడానికి గుమ్మం లేదు. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో యువదంపతులు ఈ వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకున్నారు. సరిగ్గా ఆ నెలలోనే రిజర్వు బ్యాంకు, అప్పులిచ్చే యాప్‌లు పేర్ల జాబితాను, ఫొటోలను ముట్టుకోకూడదని ఉత్తర్వులిచ్చింది. అది రిజర్వు బ్యాంకు అజమాయిషీలో ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. దొంగచాటున నడిచేవాళ్లు ఉత్తర్వులు చదవరు. ఇంట్లో ఎవరైనా ఇలా చిక్కుకుంటే, దయచేసి ముందు మనిషిని దగ్గరకు తీసుకోండి. ఆ బొమ్మలు అబద్ధమని చుట్టాలకు మీరే చెప్పండి. పరువు పోతుందన్న భయమే వాళ్ల పెట్టుబడి. ఆ భయాన్ని నలుగురూ పంచుకుంటే పెట్టుబడి మునుగుతుంది.

ఈ ఫోను విడదీసిన మనుషుల గురించి చాలా వింటాం. అది కలిపిన మనుషుల గురించి చెప్పాలంటే గోదావరి జిల్లాలకు మించిన చోటు లేదు. నరసాపురం, ఆచంట వైపు నుంచి, కోనసీమ లంక ఊళ్ల నుంచి ఆడవాళ్లు కువైట్, దుబాయ్, మస్కట్ ఇళ్లలో పనికి వెళ్లడం ఇవాళ్టిది కాదు. తొలినాళ్లలో ఉత్తరం రాయించుకోవాలి, వచ్చింది చదివించుకోవాలి. రాసిపెట్టినవాడికి ఇంటి గుట్టంతా తెలిసేది. తర్వాత టేపు రికార్డరు వచ్చింది. క్యాసెట్ నిండా మాట్లాడి, ఊరొచ్చేవాళ్ల చేత పంపేవారు. ఇంటిల్లిపాదీ కూర్చుని వినేవారు, ఏడ్చేవారు, మళ్లీ వెనక్కి తిప్పి వినేవారు. తర్వాత ఎస్‌టీడీ బూత్. ఇప్పుడు ఐఎంవో వీడియో కాల్.

రాత్రి ఎనిమిదింటికి మన దగ్గర అన్నాల వేళ. కువైట్‌లో అయిదున్నర. పదేళ్ల పిల్ల కంచం ముందు కూర్చుంటుంది. ఎదురుగా మంచినీళ్ల చెంబుకు ఆనించి ఫోను. అందులో అమ్మ. వెనకాల ఎవరిదో వంటగది టైల్సు గోడ. ‘పెరుగేసుకోలేదేం? ఆ పప్పు అలా పక్కన పెట్టేశావేం?’ అంటుంది. సముద్రం అవతల నుంచి కంచంలో మెతుకులు లెక్కపెడుతుంది. పిల్ల విసుక్కుంటుంది. అంటే ఆ విసుగులో అమ్మ ఇంట్లో ఉన్నట్టే లెక్క. క్యాసెట్‌కు ఎవరూ విసుక్కోలేరు.

మరి ఇదంతా చూసిన తర్వాత కూడా, ఆ ఇంటి అమ్మమ్మ ఫోను ఎక్కడ పెడుతుందో గమనించండి. కొత్తగా సున్నం వేసిన గోడవైపు పెడుతుంది. వానకు కారుతున్న మూల కనబడనివ్వదు. అల్లుడు తాగొచ్చిన రాత్రి ‘సిగ్నల్ లేదే అమ్మా’ అంటుంది. తనకు జ్వరమొస్తే దీపం వెలుగు వెనక నుంచి పడేలా కూర్చుంటుంది. అవతల కూతురు కూడా అంతే. టైల్సు వంటగది చూపిస్తుంది, తాను పడుకునే గది చూపించదు. వాచిన చేతులు చూపించదు. ఇద్దరూ రోజూ ఒకరినొకరు చూసుకుంటారు, ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాస్తారు. ప్రేమకొద్దీ దాస్తారు. ఉత్తరంలో రాయకుండా వదిలేసినట్టే ఇప్పుడు చూపకుండా వదిలేస్తున్నారు. కళ్లారా చూశాం కదా అనుకునేసరికి ఆ వదిలేసింది ఏమిటని అడగడం మాత్రం మర్చిపోతున్నాం. కువైట్‌లో ఉన్న కూతుర్ని చూసి ‘బాగానే ఉంది, ఒళ్లు కూడా చేసింది’ అనుకుని ఫోను పెట్టేసే తల్లులు చాలామంది ఉన్నారు. ‘గది చూపించు’ అని అడిగే తల్లి కావాలి.

చూడ్డం, వినడమే నమ్మకమైపోయిన చోట మోసగాడికి పని తేలిక. గుళ్ల దగ్గర కొబ్బరికాయల కొట్టులో డబ్బు ఫోనులో పడగానే చిన్న పెట్టె గట్టిగా అరిచి చెబుతుంది. 2024లో ఫోన్‌పే వాళ్లు ఆ పెట్టెకు మహేశ్‌బాబు గొంతు పెట్టారు. ముప్పై రూపాయల కొబ్బరికాయకు మహేశ్‌బాబు వచ్చి లెక్క చెబుతున్నాడు! ఆయన కొన్ని మాటలు చదివి ఇస్తే, మిగతా మాటలన్నీ యంత్రం ఆయన గొంతులో అల్లుతుంది. ఇది అనుమతితో చేసిన పని, సరదా పని. కొట్టు ఆవిడకు కూడా సరదాగానే ఉంటుంది. అదే విద్యను అనుమతి లేకుండా వాడితే ఏమవుతుందో అంతకు కొద్ది నెలల ముందే చూశాం. 2023 నవంబరులో నటి రశ్మిక ముఖాన్ని మరొకరి ఒంటికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు వచ్చి పట్టుకున్నది మన గుంటూరు ప్రాంతపు కుర్రాణ్ని. ఆమె పేరు మీద అభిమాని పేజీ నడుపుతున్నాడట. ఫాలోవర్లు పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు. పగతోనో డబ్బు గుంజాలనో కాదు, అభిమానం పేరుతో. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

పోలీసు యూనిఫాం వేసుకుని వీడియో కాల్‌లో కూర్చుని ‘మీ మీద కేసుంది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం’ అనేవాళ్లు కూడా ఈ చూపుల మీదే బతుకుతున్నారు. చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27న రేడియోలోనే చెప్పారు. అయినా రిటైరైన అధికారులు, డాక్టర్లు, బాగా చదువుకున్నవాళ్లు గంటల తరబడి, రోజుల తరబడి ఆ కాల్ ముందు కూర్చుని దాచుకున్నదంతా పంపేస్తున్నారు. చదువు లేక కాదు. ఆ మోసగాడు మొదట చెప్పే మాట వినండి: ‘ఎవరికీ చెప్పకూడదు. తలుపేసుకుని కూర్చోండి.’ డబ్బు తర్వాత అడుగుతాడు. ముందు మన పక్కన మనిషి లేకుండా చేసుకుంటాడు. వంటింట్లోని భార్య వింటే ‘ఎవరండీ వాడు?’ అని అడుగుతుందని వాడికి తెలుసు. పట్టిసీమ రేవులో ఎవరైనా ఫోను స్పీకరులో పెట్టి ఈ కాల్ వినిపిస్తే, పక్కనున్న చేపల పడవ ఆయన రెండు నిమిషాల్లో తేల్చేస్తాడు.

వరదలు మళ్లీ వస్తాయి, ఎన్నికలు వస్తాయి, రోగాలు వస్తాయి. మీ ఫోనుకు కబుర్లు వస్తూనే ఉంటాయి. మిమ్మల్ని నేను కోరేది ఒకటే. ఎవరికైనా పంపేముందు ఆ కబురును ఇంట్లో పైకి చదవండి, పక్కన ఉన్నవాళ్లకు వినబడేలా. ఎవరు చెప్పారని వాళ్లు అడిగితే, మీ దగ్గర ఒక పేరు ఉంటే పంపండి. పేరు లేకపోతే ఆపండి.

రాసుకునేవాళ్ల కోసం నంబర్లు చెబుతాను. వరద, తుపాను సమాచారానికి రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ: 112, 1070, లేదా 1800 425 0101. ఆన్‌లైన్‌లో డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే, ఆలస్యం చేయకుండా: 1930.